కాగితం మీద ఉన్నది

నా మనుమరాలు ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఒక పరీక్ష తప్పింది. ప్రోగ్రాం రాసే పరీక్ష కాదు, అందులో మంచి మార్కులే వచ్చాయి. తప్పింది చదివే పరీక్ష. ఎవరో రాసిన ప్రోగ్రాంను అచ్చు వేసి చేతికి ఇస్తారు. కంప్యూటర్ ముట్టనివ్వరు. ఆ కాగితం చూసి అది ఏం పని చేస్తుందో, ఎక్కడ తప్పు చేస్తుందో చెప్పాలి.

మాది సాతంరాయి. కాలేజీ శంషాబాద్ అవతల. ఆ రోజు మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా మెట్ల మీద కూర్చుంది. నేను బియ్యం ఏరుతున్నాను.

“ఏందే, మొకం గట్ల పెట్టినవ్?”

“తప్పిన నాయనమ్మా.”

“దేంట్ల?”

“చదువుట్ల. కోడ్ చదువుట్ల. రాసుడు కాదు.”

నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేదు. ఆ పిల్ల మూడేళ్ల వయసు నుంచి బడికి పోతోంది. నేను యాభై రెండేళ్లకు అక్షరాలు దిద్దాను. మా ఇద్దరిలో ఎవరో ఒకరు చదవడంలో తప్పాలంటే నేను తప్పాలి.

“నవ్వు, నవ్వు,” అంది. “మల్ల ఒక్కసారే రాయనిస్తరు, మూడు వారాలకు. అప్పుడు గూడ తప్పితే ఈ ఏడు కంపెనీలోళ్ల ఇంటర్వ్యూలకు రానియ్యరు. నేను రాయను. ఇగ చదువు బంద్.”

నా కొడుకు, అంటే దాని తండ్రి, ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఈ మాట విన్నాడు. వాడిది మెత్తటి గుండె. మెత్తటి గుండెవాళ్లు పిల్లలను తొందరగా చెడగొడతారు.

“పోనీ తియ్యమ్మా,” అన్నాడు. “దానికి చాతగాకుంటే ఎందుకు సతాయించుడు. ఎయిర్‌పోర్టుల ఏదన్న కౌంటర్ మీద నిలబెడతరు. నేను మాట్లాడుత.”

“నువ్వు మాట్లాడకు. మూడు వారాలు ఈ ఇంట్ల ఎవ్వరు బంద్ అనే మాట ఎత్తొద్దు.”

అలా అన్నాను గానీ నాకు ఆ చదువు గురించి ఏమీ తెలియదు. తెలియనప్పుడు అడగాలి. మరునాడు శనివారం, దానికి సెలవు. తప్పిన కాగితం తెమ్మన్నాను.

“నీకేం సమజైతది నాయనమ్మా?”

“కానియ్యి. నాకు సమజు కావాలని కాదు. నువ్వు చదువు, నేను ఇంట.”

చాప మీద పక్కన కూర్చుని చదివింది. పది మంది పిల్లల మార్కులు కూడే ప్రోగ్రాం అట. వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. మొదట మొత్తం సున్నా. తర్వాత ‘ఐ’ అనే ఒక గుర్తు, అది సున్నా నుంచి మొదలై ఒక్కొక్కటి పెరుగుతుంది. పెరిగినప్పుడల్లా ఆ నంబరు పిల్ల మార్కులు మొత్తంలో కలుస్తాయి. కంప్యూటర్ లెక్క ఒకటి నుంచి కాదు, సున్నా నుంచి మొదలవుతుందని కూడా చెప్పింది.

నాకు ఇంగ్లీషు రాదు. కానీ ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు వస్తాయి. ఎయిర్‌పోర్ట్ దారిలో ఒక హోటల్లో పదకొండేళ్లు గదుల పని చేశాను. గది నంబర్లు, కాగితాల మీద గడులు అక్కడే నేర్చుకున్నాను. దాని వేలి కింద చూశాను.

“సున్నా ఏడున్నది?”

“గిదే కదా.”

“అది ఒకటి.”

వేలు తీసి చూసింది. కాగితం ఎత్తి వెలుతురుకు పెట్టి మళ్లీ చూసింది. అక్కడ ఉన్నది ఒకటే. అది అచ్చుతప్పు కాదు, లెక్చరర్ కావాలని పెట్టిన తప్పు. ఒకటి నుంచి మొదలైతే సున్నా నంబరు పిల్ల మార్కులు మొత్తంలో కలవవు. మా హోటల్లో లిఫ్టు మీద కింది అంతస్తుకు నంబరు లేదు, దాని పైదానికే ఒకటి. ఒకటో అంతస్తు నుంచి మొదలుపెట్టి అన్నీ కడిగేశామని చెబితే కింది అంతస్తు అట్లాగే ఉంటుంది.

“పరీక్షల గూడ సున్నా అనే చదివిన,” అంది మెల్లగా. “కాగితం తిరిగి ఇచ్చినంక గూడ నాలుగుసార్లు చూసిన. సున్నానే కనబడ్డది.”

“మరి దేన్ని చూసి చదివినవ్?”

“ఈ ప్రోగ్రాం మొదటి ఏడాదిల ల్యాబ్‌ల రాసినం. ఇరవై సార్లు రాసుంట. నోటికొచ్చు.”

అప్పుడు నాకు ఆ పిల్ల జబ్బు తెలిసింది. నాకూ ఉండేది.

మాది చర్చికి పోయే కుటుంబం. అక్షరం రాకముందు ముప్పై ఏళ్లు నేను ఆదివారం ఆదివారం బైబిలు చంకన పెట్టుకుని పోయి, విని విని చాలా కీర్తనలు నోటికి పట్టుకున్నాను. యాభై రెండేళ్లప్పుడు చర్చి హాల్లో, వారానికి మూడు మధ్యాహ్నాలు, రిటైరైన టీచరమ్మ ఒకామె మాకు చదువు చెప్పింది. ఏడెనిమిది నెలలకు నేను చదవగలుగుతున్నానని అందరూ అన్నారు. ఆడవాళ్ల కూటంలో ఒకరోజు నన్ను నిలబెట్టి చదవమన్నారు. నిలబడ్డాను. వేలు పెట్టి, ఒక్కచోట కూడా ఆగకుండా కీర్తన మొత్తం చదివి కూర్చున్నాను. పక్కనున్న ఆమె నా చెవిలో అంది, “అక్కా, నువ్వు చదివింది గీ పేజీల లేదు.”

నేను అబద్ధం ఆడలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నా కళ్లు అక్షరాల మీదే ఉన్నాయి, వేలు వరుసల మీదే నడిచింది, చదువుతున్నానని నేను నమ్మాను. నోరు మాత్రం దాని దారిన అది పోయింది. ఆ వారం టీచరమ్మ ఒక పాత పెళ్లిపత్రిక తీసుకుని బ్లేడుతో సన్నని కిటికీ కోసింది. దాన్ని పేజీ మీద పెడితే ఒక్క మాటే కనిపిస్తుంది. వెనక ఏముందో, ముందు ఏముందో కనబడదు. ఊహించడానికి వీలుండదు. ఆరు నెలలు ఆ అట్టతో చదివాను. కోపం వచ్చి రెండుసార్లు విసిరేశాను కూడా.

మనుమరాలికీ అట్లాంటిదే ఒకటి కోసి ఇచ్చాను. దానికి ఒక వరుస కనబడేటంత కిటికీ.

“ఇది చూసి మా క్లాసోళ్లు నవ్వుతరు,” అంది.

“నవ్వనియ్యి. ఆళ్లు ఇంటర్వ్యూకు పోతరు, నువ్వు కౌంటర్ల నిలబడి నవ్వు.”

మూతి ముడుచుకుంది గానీ అట్ట పెట్టి చదివింది. నాలుగు రోజుల్లో గుర్తుల తప్పులు పట్టడం మొదలుపెట్టింది. ఒకటి ఉన్నచోట ఒకటి, సున్నా ఉన్నచోట సున్నా. నేను సంతోషపడ్డాను. తొందరపడ్డాను.

ఎందుకంటే అయిదో రోజు కొంచెం పెద్ద ప్రోగ్రాం తీసుకుంది. ప్రతి వరుసా సరిగ్గా చదివింది, చివరికి అది ఏం చేస్తుందో చెప్పలేకపోయింది. కిటికీలో చూసి చూసి దారి పోగొట్టుకుంది. మా మేడమీద గదిలో కిరాయికి ఉండే అమ్మాయి అప్పుడు అక్కడే ఉంది. గోదావరి వైపు పిల్ల, దీని క్లాసే. మొదటిసారే ఆ పరీక్ష గట్టెక్కింది గానీ అంచు మీద గట్టెక్కింది.

“మామ్మగారూ, ప్రోగ్రాంని కథలాగ పైనుంచి కిందికి చదివితే అర్థం కాదండీ,” అంది. “మధ్యలో వేరేచోటికి పంపిస్తుంది. అక్కడ పని చేసుకుని మళ్లీ వెనక్కి రావాలండీ.”

“ఏడికి రావాలె?”

“ఎక్కడినుంచి వెళ్లిందో అక్కడికేనండీ.”

“దవాఖానల డాక్టరు రక్తపరీక్షకు తోలినట్టా?”

ఆ పిల్ల ఆలోచించింది. “అచ్చం అలాగేనండీ. రిపోర్టు పట్టుకుని అదే డాక్టరు దగ్గరికి రావాలి.”

“మా నాయనమ్మ రిపోర్టు పట్టుకోని సక్కగ ఇంటికొస్తది,” అంది మనుమరాలు.

“పోయినసారి లైన్ పెద్దగ ఉండె, వచ్చిన,” అన్నాను. “నువ్వు ఆ అట్ట పక్కన పెట్టు.”

అట్ట చాలదని ఒప్పుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. టీచరమ్మ నాకు నేర్పింది మాట చదవడం. వీళ్లకు కావలసింది మాట చదివి, ఆ మాట తర్వాత ఎవరి దగ్గర ఏం ఉందో గుర్తు పెట్టుకోవడం. వంటింట్లోంచి స్టీలు గిన్నెలు తెచ్చాను. ప్రోగ్రాంలో ఎన్ని పేర్లు ఉంటే అన్ని గిన్నెలు. ప్రతి గిన్నెకూ పేరు రాసిన చీటీ అంటించమన్నాను. చింతగింజలు పోశాను. ఒక వరుస చదవాలి, ఆ వరుస చెప్పినన్ని గింజలు ఆ గిన్నెలో వేయాలి, లేకపోతే తీయాలి. వేరేచోటికి పంపిస్తే వెళ్లే ముందు ఆ వరుస మీద ఒక గింజ పెట్టి పోవాలి, తిరిగి వచ్చేటప్పుడు ఆ గింజ దగ్గరికే రావాలి.

మేడమీది అమ్మాయి చేతులు కట్టుకుని చూసింది. “ఇది చిన్నపిల్లల ఆటలా ఉందండీ.”

“అయితే నువ్వు ముందు ఆడు.”

ఆ పిల్లా నెగ్గలేదు. దాని జబ్బు వేరు. ఆ పిల్ల పేర్లు చూసి నమ్ముతుంది. ఆ ప్రోగ్రాంలో ఒక గిన్నె పేరు ‘మాక్స్’. అంటే అన్నిటికంటే పెద్దది అందులో ఉండాలి. కాగితం చూడగానే, “ఇది అందరిలో ఎక్కువ మార్కులు కనుక్కుంటుందండీ,” అనేసింది. గింజలు వేయడం మొదలుపెట్టాక చూస్తే, ప్రతిసారీ చిన్నది వచ్చినప్పుడే గిన్నెలో గింజలు మారుతున్నాయి. చివరికి ఆ గిన్నెలో మిగిలింది రెండు గింజలు. అన్నిటికంటే తక్కువ మార్కులు.

“పేరు మాక్సే కదండీ,” అంది నొచ్చుకుని.

“మా హోటల్ల తలుపుకు ‘గది తయార్’ అని చీటీ తగిలిస్తరు,” అన్నాను. “చీటీ చూసి లోపల మంచం తయారుగుందని ఎట్ల చెప్తవ్? తలుపు తియ్యాలె.”

చివరి నాలుగేళ్లు హోటల్లో నా పని అదే. అక్షరాలు వచ్చాయని నన్ను కడిగే పని నుంచి తీసి చూసే పనిలో పెట్టారు. ఇంకొకరు శుభ్రం చేసిన గదిలోకి పోయి, బాగుందో లేదో కాగితం మీద గుర్తు పెట్టాలి. సులువు పని అనుకున్నాను. మొదటి నెల రోజూ తిట్లు తిన్నాను. గది మధ్యలో నిలబడి నాలుగు దిక్కులా చూసి బాగుందనేదాన్ని. మధ్యలో నిలబడితే ఏ గదైనా బాగుంటుంది. తర్వాత మా సూపర్‌వైజరమ్మ చూపించింది. తలుపు దగ్గర మొదలు, ఎడమ చెయ్యి గోడ వెంట, ఒక్క వస్తువూ దాటకుండా చుట్టూ తిరిగి మళ్లీ తలుపు దగ్గరికి. ఆ తర్వాత మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్ల కళ్లు ఎక్కడికి పోతాయో అక్కడికి చూడాలి. ఇంకొక ఖాయిదా ఉండేది. ఎవరు కడిగిన గదిని వాళ్లు చూడకూడదు. కడిగినామె కళ్లకు తాను కడగాలనుకున్న గది కనిపిస్తుంది.

ఇది చెప్పగానే పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ల లెక్చరర్ కూడా ఇదే మాట అన్నదట, ఇంగ్లీషులో. అప్పుడు నోట్సులో రాసుకున్నారు. రాసుకుని వదిలేశారు.

ఇక అప్పటి నుంచి ఒకరి ప్రోగ్రాం ఇంకొకరు చూడడం. కాలేజీ నుంచి వచ్చాక చీకటి పడేదాకా ఇదే పని. మనుమరాలు ఒక ప్రోగ్రాంలో తప్పులు దాచి ఆ పిల్లకు ఇస్తుంది, ఆ పిల్ల దీనికి ఇస్తుంది. రెండూ మొండివే. అక్కసు కొద్దీ దాచేవి.

“ఎన్ని పెట్టినవ్?” అంది ఒకరోజు మనుమరాలు.

“మూడు,” అంది ఆ పిల్ల.

మనుమరాలు గంటసేపు గిన్నెలతో కుస్తీ పట్టి మూడు పట్టుకుంది. మొదటి రెండూ సరే. మూడోది చూసి ఆ పిల్ల పడీపడీ నవ్వింది.

“నేను పెట్టింది రెండేనే. ఆ వరుస బాగానే ఉంది.”

“మూడన్నవ్ కదనే.”

“అన్నాను. నువ్వు మూడోది తయారుచేసుకున్నావు.”

మనుమరాలు కోపంతో కాగితం నలిపి పారేసింది, గిన్నె తన్నింది. గింజలు ఇల్లంతా. “నాతోని కాదు. ఉన్నది కనబడదు, లేనిది కనబడతది. నాకు మెదడే లేదు. నాన్న మాట్లాడితే కౌంటర్ల చేరుత.”

పరీక్షకు ఇంకా ఆరు రోజులు ఉన్నాయి. నేను గింజలు ఏరలేదు. ఏరమని కూడా అనలేదు.

“మంచం కింద ఎంట్రుక ఉన్నదని సూపర్‌వైజరమ్మ ముందే చెప్పి పంపితే,” అన్నాను, “నేను రోజూ ఎంట్రుక తెచ్చి చూపిచ్చేదాన్ని. నా తలదే. మెదడు లేక కాదు. ఉన్నదని ఎవరో చెప్పిండ్రు, గందుకు. ఇగ మీరు ఎన్ని పెట్టిన్రో ఒకరికొకరు చెప్పుకోవద్దు. ఒక్కోసారి ఏం పెట్టకుండ గూడ ఇయ్యిన్రి.”

“ఏం లేకపోతే ఏం చదవాలండీ?” అంది మేడమీది అమ్మాయి.

“లేదని చెప్పేదాంక చదవాలె. బాగుందని సంతకం పెట్టుడు గూడ పనే.”

మనుమరాలు ఆ పిల్లతో, “నవ్వింది చాలు, నువ్వు ఆ మూలకున్నయి ఏరు,” అని తాను ఈ మూల మొదలుపెట్టింది. ఆ ఆరు రోజులు బంద్ అనే మాట మళ్లీ వినలేదు. మూడో రోజు ఆ పిల్ల తప్పే లేని ప్రోగ్రాం ఇచ్చింది. మనుమరాలు రెండు గంటలు చదివి, “దీంట్ల ఏం లేదు,” అని కాగితం కింద సంతకం పెట్టి ఇచ్చింది. చివరి రెండు రోజులు గిన్నెలు కూడా అడగలేదు. కాగితం పక్కన పెన్సిలుతో చిన్న గళ్లు గీసుకుని గింజలకు బదులు అంకెలు వేసుకుంది.

పరీక్ష రోజు పొద్దున్నే పోయింది. ఈసారి ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, చదువుతూ పైకి చెప్పమంటారు. లోపల జరిగింది దాని నోటనే విన్నాను. సగం టైము దాకా ఏమీ చెప్పలేదట. లెక్చరర్ గడియారం చూసి, “ఏమ్మా, ఏమీ కనిపించలేదా?” అని అడిగింది. “చదువుతున్న మేడం,” అంది. ఇంకాసేపటికి, “ఇది నీకు తెలిసిన ప్రోగ్రామే కదా?” అని అడిగింది. “తెల్సు మేడం. గందుకే మెల్లగ చదువుతున్న,” అందట. లెక్చరర్ మళ్లీ తొందరపెట్టలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వచ్చింది. బ్యాగు కుర్చీలో పడేసింది.

“పాస్,” అంది. “నాలుగు పట్టిన.”

కొడుకు ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. నాకంటే ముందు వాడే కళ్లు తుడుచుకున్నాడు. “ఇంటర్వ్యూల లిస్టుల పేరు రాసినవా బిడ్డా?”

“ఇంక రాయలే. ఆఫీసు మూడింటికి తీస్తరు, అయిదింటిదాంక ఉంటది.” కాగితం బయటికి తీసింది. “అయిదు తప్పులున్నయంట. ఒకటి మిగిలింది. ఏదో చెప్పమంటే మేడం చెప్పలే. ఇంటికి తీస్కపొమ్మన్నది.”

“పాసైనవ్ గద. అది ఏదైతే ఏంది?” అన్నాడు కొడుకు.

“జర ఆగు నాన్నా.”

గోడకు ఆనుకుని కూర్చుంది. నేను అన్నం తినమన్నాను, వినలేదు. పైనుంచి ఒక విమానం పోయింది, ఇంకొకటి పోయింది. కాలేజీకి పోదామని తండ్రి బండి తీసి నిలబెట్టి హారన్ కొట్టాడు, తలెత్తలేదు. అక్షరం అక్షరం చదివింది. పెన్సిలు గళ్లు నిండాయి. ప్రతి వరుసా కాగితం మీద ఉన్నట్టే ఉంది, ప్రతి అంకె సరిగ్గానే ఉంది. మూడున్నర దాటింది. నేనైతే ఎప్పుడో లేదని సంతకం పెట్టి లేచేదాన్ని.

“నాయనమ్మా,” అంది. “మార్కులన్ని కూడి, ఎంతమంది రాసిన్రో అంతమందికి పంచుతున్నది. సరాసరి.”

“అయితే?”

“ఒక్కరు గూడ పరీక్ష రాయలేదనుకో. ఎంతమందికి పంచుతది?”

“ఎవ్వరు లేకుంటే ఇంక పంచుడేంది?” అన్నాను.

“సున్నాతోని భాగిస్తే కంప్యూటర్ ఆగిపోతది. ఎవ్వరు రాకుంటే ఏం జెయ్యాలెనో ఒక వరుస ఉండాలె. అది రాయలే.” కాగితం నా ఒళ్లో పెట్టి రెండు వరుసల మధ్య ఖాళీ చూపించింది. “నువ్వు కాగితం మీద ఉన్నది చదువుమన్నవ్. నాలుగు గట్లనే దొరికినయి. ఇది కాగితం మీద లేదు. ఎంత చదివితే మాత్రం ఎట్ల దొరుకుతది? నేను రాసినప్పుడు గూడ ఎన్నడు ఈ వరుస పెట్టలే. నువ్వు చెప్పింది సగమే నాయనమ్మా.”

“మిగిలిన సగం నాకు రాదు,” అన్నాను. “నువ్వే నేర్చుకో.”

“నేర్చుకుంట.”

ఖాళీలో పెన్సిలుతో ఆ వరుస రాసింది. ముందు సన్నగా రాసింది, తర్వాత దాని మీదే గట్టిగా దిద్దింది. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

“నాన్నా, నడువు. నాలుగైంది. లిస్టుల పేరు రాయాలె, గీ కాగితం మేడంకు చూపియ్యాలె.”

అన్నం తినలేదని నేను వెనక నుంచి అరిచాను. బండి అప్పటికే బెంగుళూరు రోడ్డు ఎక్కింది.